ఆటిజం: తెలియక పోగొట్టుకున్న ఏండ్లు

(ఇచ్చోడలో జరిగిన సంఘం వార్షిక సభలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు నన్ను ఎప్పటిలాగే చదువు గురించి మాట్లాడమన్నారు. ముప్ఫై ఏండ్లకు పైగా బడిపంతులుగా పనిచేసినవాణ్ణి కాబట్టి అట్లా అడగటం సహజమే. ప్రతి ఏడూ ఈ సభలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలకు బహుమతులు ఇస్తున్నాము, చప్పట్లు కొడుతున్నాము. సంతోషమే. అయితే ఈ సభకు రాని పిల్లలు కొందరున్నారు. తీసుకొస్తే అరుస్తారని, పరుగెత్తుతారని, నలుగురిలో నగుబాటు అవుతుందని వాళ్ళను ఇంట్లోనే వుంచి, ఒక మనిషిని కాపలా పెట్టి మిగతావాళ్ళు వచ్చినారు. ఈ పూట నేను ఆ పిల్లల గురించి మాట్లాడుతాను. తెలుగులో ఎందుకంటే, ఈ కష్టం ఒక్క మన బస్తీది కాదు. గూడెంలో వున్నది, తండాలో వున్నది, బజారులో షావుకారు ఇంట్లో కూడా వున్నది.

మొదట ఆ మాట చెపుతాను. ఆటిజం. మన తెలుగులో గాని, ఉర్దూలో గాని ఇంటింటా వాడే మాట దీనికి లేదు. పేరు లేని దానికి మనం పది పేర్లు పెట్టినాము. తిక్కలోడు, మొండోడు, మూగోడు, పాగల్. గాలి సోకింది అంటాము, నజర్ తగిలింది అంటాము. ఇంకా కోపం వస్తే ఎర్రగడ్డకు పంపాలె అంటాము. ఇందులో ఒక్క పేరు కూడా పిల్లవాడికి దారి చూపేది కాదు. పేరు తప్పయితే మందు తప్పవుతుంది, ఎక్కే గడప కూడా తప్పవుతుంది. నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఆటిజం కంటే, దాని గురించి మనకు తెలియకపోవటమే ఆ పిల్లల ఏండ్లను ఎక్కువగా మింగుతున్నది.

నా తప్పుతోనే మొదలు పెడతాను. 1986లో నేను మూడవ తరగతికి పాఠం చెప్పేవాణ్ణి. ఆ తరగతిలో ఒక పిలగాడు వుండేవాడు. పేరు చెప్పను, వూరు చెప్పను. ఇరవయ్యో ఎక్కం దాకా తప్పు లేకుండా అప్పజెప్పేవాడు. రోడ్డు మీద పోయిన లారీల నంబర్లు వారం తర్వాత అడిగినా చెప్పేవాడు. కాని పేరు పెట్టి పిలిస్తే పలికేవాడు కాదు. "అన్నం తిన్నావురా?" అని అడిగితే "అన్నం తిన్నావురా?" అని నాకే తిప్పి చెప్పేవాడు. వెక్కిరిస్తున్నాడనుకొని బెత్తంతో కొట్టినాను. బడి గంట కొడితే రెండు చెవులూ మూసుకొని కేకలు పెట్టేవాడు. పిల్లలు నవ్వేవాళ్ళు. ఒకనాడు తండ్రిని పిలిపించి, "వీనికి చదువు అబ్బదు, వీని తోటి మిగతా పిల్లలు ఖరాబవుతున్నరు, తీసుకపో" అన్నాను. ఆయన కూలి మనిషి. ఎదురు చెప్పలేదు. సారు చెప్పిండు గదా అనుకొని కొడుకు చేయి పట్టుకొని పోయినాడు. కొన్ని నెలలకు ఆ కుటుంబం పని వెతుక్కుంటూ మహారాష్ట్ర వైపు వెళ్ళిపోయింది.

ఆ పిల్లవానిది ఆటిజమేనని నేను డాక్టరులాగా చెప్పలేను. కాని ఎక్కాలన్నీ వచ్చిన పిల్లవాణ్ణి చదువు అబ్బదని పంపించిన పంతులు ఎవరంటే నేనే. ఆ సంగతి నాకు తట్టడానికి ముప్ఫై ఏండ్లు పట్టింది. అది కూడా మా ఇంటికి వచ్చినందుకే తట్టింది.

2015లో మా బిడ్డకు కొడుకు పుట్టినాడు. ఏడాది నిండేసరికి అమ్మీ, పానీ, బిల్లీ అనేవాడు. ఏడాదిన్నర దాటినాక ఆ మాటలు ఒక్కొక్కటే పోయినవి. పిలిస్తే చూడడు. చెవుడేమో అనుకుందామంటే, అవతలి గదిలో బిస్కెట్ పుడా చప్పుడైతే పరుగెత్తుకొని వస్తాడు. బొమ్మ సైకిలును తలకిందులు చేసి చక్రం తిప్పుకుంటూ గంటసేపు కూర్చుంటాడు. నీళ్ళు కావాలంటే నోటితో అడగడు, వేలితో చూపించడు. తల్లి చేయి పట్టుకొని పోయి కుండ మీద పెడతాడు.

ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కొక్క మాట. "మగపిల్లలకు మాటలు ఆలస్యంగనే వస్తయి" అన్నది మా ఇంటావిడ. "వాళ్ళ నాయన గూడ నాలుగేండ్లకు మాట్లాడిండు" అన్నది వియ్యపురాలు. వస నాకించినాము. తావీజు కట్టించినాము. రెండు దర్గాలకు పోయి మొక్కుకున్నాము. ఒక పట్నంలో ఒక డాక్టరు, బడిలో వేయండి, నలుగురు పిల్లల్ని చూసి తనే మాట్లాడుతాడన్నాడు. బడిలో వేసినాము. పది దినాల్లో తిప్పి పంపినారు. 1986లో నేను ఆ తండ్రికి చెప్పిన మాటలే, ఇంచుమించు అట్లాగే, నాకు తిరిగి వచ్చినవి.

చివరకు 2019లో హైదరాబాదులో పరీక్షలన్నీ చేసి ఆటిజం అన్నారు. అప్పటికి వాడికి నాలుగున్నర ఏండ్లు. గుర్తులు కనబడింది ఏడాదిన్నరకు. నడుమ మూడేండ్లు పోయినవి. ఆ మూడేండ్లలో ఎక్కువ దెబ్బ తిన్నది మా బిడ్డ. ఫోను చూసుకుంటూ బిడ్డను పట్టించుకోలేదని ఒకరు, కడుపుతో వున్నప్పుడు గ్రహణం చూసిందని ఒకరు, ఏం పాపం చేసిందో అని ఒకరు అన్నారు. నేను చదువుకున్నవాణ్ణి. ఒక్కసారి కూడా నోరు విప్పి ఆమె తరఫున మాట్లాడలేదు. ఈ రోజు మీ అందరి ముందు ఆ బాకీ తీర్చుకుంటున్నాను.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆటిజం పిచ్చి కాదు, అంటురోగం కాదు. మెదడు ఎదిగే తీరులోనే చిన్ననాటి నుంచి వుండే తేడా. ఆ తేడా రెండు చోట్ల కనబడుతుంది. ఒకటి, నలుగురితో కలిసే తీరులో, అంటే మాట, చూపు, సైగ వీటిలో. రెండవది, చేసిందే మళ్ళీ మళ్ళీ చేయటంలో, ఒకే వస్తువు మీద, ఒకే పద్ధతి మీద పట్టుబట్టటంలో. చప్పుడు, వెలుతురు, తాకిడి, రుచి కూడా వాళ్ళకు మనకంటే చాలా ఎక్కువగానో, చాలా తక్కువగానో తెలుస్తవి. మనకు మామూలుగా వుండే కుక్కరు కూత, మిక్సీ చప్పుడు, పెండ్లి బ్యాండు వాళ్ళకు చెవిలో సూది గుచ్చినట్టు వుండవచ్చు. మా మనవడు ఫంక్షన్ హాలులో నేల మీద పడి కొట్టుకుంటే, పెంపకం సరిగా లేదని బంధువులు మొహం తిప్పుకున్నారు. వాడికి నిజంగా బాధ అవుతున్నదని అప్పుడు మాకే తెలియదు.

ఇది అందరిలో ఒక్క తీరుగా వుండదు. కొందరికి మాటే రాదు. కొందరు పెద్ద చదువులు చదివి ఉద్యోగాలు చేస్తున్నారు. కొందరికి తెలివి ఎదుగుదల కూడా తక్కువగా వుంటుంది, కొందరికి మూర్ఛ కూడా వుంటుంది. 2010లో వచ్చిన మై నేమ్ ఈజ్ ఖాన్ సినిమా మీలో చాలామంది చూసివుంటారు. అందులో రిజ్వాన్ ఖాన్‌కు వున్నది కూడా ఈ కోవలోనిదే. అయితే సినిమా చూసి ఆటిజం అంటే ఇట్లాగే వుంటుందని అనుకోవద్దు. 1988లో వచ్చిన రెయిన్ మాన్ అనే అమెరికా సినిమా చూసి, ఈ పిల్లలందరూ లెక్కల్లో గొప్పవాళ్ళని లోకం అనుకున్నది. అట్లాంటివాళ్ళు కొందరే. గొప్పతనం ఏదీ లేకపోయినా పిల్లవాడు పిల్లవాడే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో లోకంలో ప్రతి 127 మందిలో ఒకరు ఆటిజం వున్నవారు. ఆ లెక్కన వెయ్యి మంది వున్న వూళ్ళో ఏడెనిమిది మంది వుండాలి. మన మండలంలో ఒక్కొక్క వూరి నుంచి ఏడెనిమిది పేర్లు చెప్పమంటే చెప్పగలమా? చెప్పలేము. లేక కాదు, మనం వేరే పేర్లతో పిలుస్తున్నాము. ఆడపిల్లల్లో అయితే ఇంకా తక్కువ గుర్తిస్తున్నాము. మూలకు కూర్చొని తన లోకంలో వుండే ఆడపిల్లను చూసి, పాపం చాలా బుద్ధిమంతురాలు అంటాము.

ఈ విద్య ఎట్లా పెరిగిందో కొంచెం చెప్పాలి. అందులో మనకు ధైర్యమిచ్చే సంగతి ఒకటున్నది. 1943లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు 11 మంది పిల్లల్ని పరిశీలించి ఒక వ్యాసం రాసినాడు. మరుసటి ఏడు వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ ఇట్లాంటి పిల్లల గురించే రాసినాడు. అయితే తర్వాత ఇరవై ఏండ్లకు పైగా పెద్ద పెద్ద నిపుణులే ఒక ఘోరమైన మాట చెప్పినారు. తల్లి ప్రేమగా చూడకపోవటం వల్ల, మనసు చల్లబడిన తల్లుల వల్ల ఇది వస్తుందన్నారు. ఆ తల్లులను ఐసు పెట్టెతో పోల్చినారు. 1967లో బ్రూనో బెటల్‌హైమ్ రాసిన పుస్తకం ఆ మాటనే ఇంకా వ్యాపింపజేసింది. అంటే తల్లిని నిందించటం మన పల్లెటూళ్ళ అజ్ఞానం ఒక్కటే కాదు. అమెరికా మేధావులు కూడా ఆ పనే చేసినారు.

దాన్ని ఎదిరించినవాళ్ళు ఎవరు? ఇట్లాంటి పిల్లల్ని కన్నవాళ్ళే. బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తకు ఆటిజం వున్న కొడుకు. తల్లి తప్పు కాదు, ఇది శరీరానికి సంబంధించిందని 1964లోనే పుస్తకం రాసినాడు. ఇంగ్లాండులో డాక్టర్ లోర్నా వింగ్‌కు ఆటిజం వున్న కూతురు. జుడిత్ గౌల్డ్‌తో కలిసి 1979లో ఆమె ప్రచురించిన పరిశోధన వల్లనే, ఇది ఒకే తీరు జబ్బు కాదు, చాలా రకాలుగా వుంటుందని లోకం ఒప్పుకున్నది. మన దేశంలో 1991లో ఢిల్లీలో ఆక్షన్ ఫర్ ఆటిజం సంస్థను మొదలుపెట్టిన మెర్రీ బరువా కూడా ఒక తల్లే. ఐక్యరాజ్య సమితిలో ఖతర్ దేశం తీర్మానం పెడితే 2007లో ఏప్రిల్ 2వ తేదీని ప్రపంచ ఆటిజం దినంగా నిర్ణయించినారు. తల్లిదండ్రులు నోరు విప్పినప్పుడే ఈ విషయంలో లోకం కదిలింది. మన దగ్గర వాళ్ళ నోరు మనమే మూస్తున్నాము.

మరి ఎందుకు వస్తుంది? ఇంతవరకు తేలినదేమంటే, ఎక్కువ భాగం వంశాణువుల్లో వున్నది. ఒక్క జీను కాదు, చాలా జీన్లు. మరీ నెలలు తక్కువగా పుట్టటంలాంటివి కూడా కొంత తోడవుతవి. పెంపకం వల్ల రాదు, గ్రహణం వల్ల రాదు, నజర్ వల్ల రాదు.

మన వూళ్ళో తరచుగా వినబడే మూడు మాటలకు జవాబు చెపుతాను. మొదటిది భాష. మన దగ్గర ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు, సంతలో మరాఠీ, గోండీ, లంబాడీ వినబడుతవి. ఇన్ని భాషలు చెవిన పడి పిల్లవాడు గాబరా పడ్డాడు, అందుకే మాట రాలేదు అంటారు. ఒక్క ఇంగ్లీషులోనే మాట్లాడండని సలహా ఇచ్చేవాళ్ళు కూడా వున్నారు. రెండు భాషల ఇండ్లలో పెరిగే ఆటిజం పిల్లల మీద చాలా పరిశోధనలు జరిగినవి. రెండు భాషల వల్ల వాళ్ళ మాట వెనుకబడిందని తేలలేదు. కాబట్టి తల్లి ఏ భాషలో జోలపాట పాడుతుందో ఆ భాషలోనే మాట్లాడాలి. తనకే సరిగా రాని ఇంగ్లీషులో బిడ్డను ఎట్లా ముద్దు చేస్తుంది?

రెండవది టీకాలు. 1998లో ఇంగ్లాండులో వేక్‌ఫీల్డ్ అనే డాక్టరు 12 మంది పిల్లల మీద రాసిన వ్యాసంతో, తట్టు టీకా వల్ల ఆటిజం వస్తుందనే భయం పుట్టింది. తర్వాత లక్షల మంది పిల్లల్ని పరిశీలిస్తే అది నిజం కాదని తేలింది. 2010లో ఆ పత్రిక వ్యాసాన్ని రద్దు చేసుకున్నది, అదే ఏడు ఆయన డాక్టరు పట్టీ కూడా తీసివేసినారు. టీకాల మీద పుకార్లు మన బస్తీల్లో కొత్త కాదు. తట్టు పిల్లల ప్రాణం తీస్తుంది. ఆటిజానికి భయపడి టీకా మానటం పొరపాటు.

మూడవది సెల్‌ఫోను. ఫోను వల్ల ఆటిజం పుట్టదు. కాని గంటల తరబడి ఫోను చేతికిస్తే, ఆ గంటల్లో ఎవరూ బిడ్డతో మాట్లాడరు. మాట రావలసిన వయసులో అది నష్టమే. అందుకని ఫోను తగ్గించమనే చెపుతాను. కాని ఫోనును చూపించి తల్లిని దోషిని చేయవద్దంటాను.

ఇప్పుడు గుర్తులు. అమ్మలు జాగ్రత్తగా వినాలి. తొమ్మిది నెలలకు మీ మొహం చూసి నవ్వకపోతే, ఏడాదికి పేరు పెట్టి పిలిస్తే తిరగకపోతే, ఏడాది దాటినా టాటా చెప్పకపోతే, చందమామనో కుక్కపిల్లనో వేలితో చూపించి మీ మొహం వైపు చూడకపోతే, ఏడాదిన్నరకు ఒక్క మాటా రాకపోతే, రెండేండ్లకు "పాలు కావాలె" లాగా రెండు మాటలు కలపకపోతే, ఆలస్యం చేయవద్దు. ఏ వయసులోనైనా వచ్చిన మాటలు పోతే ఆ వారమే డాక్టరుకు చూపించాలి. మునివేళ్ళ మీద నడవటం, చేతులు రెక్కల్లాగా ఆడించటం, వస్తువులన్నీ వరుసగా పేర్చటం, ఒక్క రకం తిండే తినటం కూడా వుండవచ్చు. వీటిలో ఒకటి కనబడినంత మాత్రాన ఆటిజం అని కాదు. కాని చూపించితే నష్టం లేదు, చూపించకపోతే నష్టం వున్నది. మగపిల్లలకు మాట ఆలస్యమనే సామెతను ఇక కట్టిపెట్టండి.

ఎక్కడ చూపించాలి? మొదటి గడప మన అంగన్‌వాడీ. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడులకు ఒకసారి వచ్చి పిల్లల్ని చూడాలి. వాళ్ళు చూడవలసిన వాటిలో ఆటిజం కూడా వున్నది. ఆ రోజు పిల్లవాడు అల్లరి చేస్తాడని ఇంట్లో దాచవద్దు, ముందుగా ఆ పిల్లవాణ్ణే తీసుకపోవాలి. మన జిల్లా కేంద్రం ఆదిలాబాదులో 2008 నుంచి రిమ్స్ వున్నది. అక్కడ పిల్లల డాక్టర్లు, చెవి డాక్టర్లు, మానసిక వైద్యులు వున్నారు. మొదట చెవుల పరీక్ష చేయించాలి. వినబడక పలకటం లేదా, వినబడినా పలకటం లేదా తేలాలి. ఆ తర్వాత పెద్ద చోటు సికింద్రాబాదులో మనోవికాస్‌నగర్. 1984లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థగా పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ అది, ఇప్పుడు దాని పేరు మారింది. ఇక్కడి నుంచి మూడు వందల కిలోమీటర్లకు దగ్గర. రోజు కూలి పోగొట్టుకొని, అరిచే బిడ్డను బస్సులో ఎత్తుకొని పోవటం ఎంత కష్టమో నాకు తెలుసు. దాని గురించి చివర ఒక మాట చెపుతాను.

ఆటిజం వున్నదని తేలిన తర్వాత కాగితాలు చేయించుకోవాలి. 1995 వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. 1999లో నేషనల్ ట్రస్టు చట్టంలో చేర్చినారు. 2016 చట్టంలో 21 రకాల వైకల్యాల్లో ఒకటిగా చేర్చినారు. మన దేశంలోనే తయారైన 40 ప్రశ్నల కొలమానంతో డాక్టర్లు ఎంత శాతమో నిర్ణయించి సర్టిఫికెట్టు ఇస్తారు. యూడీఐడీ కార్డు వస్తుంది. నలభై శాతం, ఆ పైన వుంటే 6 నుంచి 18 ఏండ్ల దాకా ఉచిత విద్య హక్కు. నేషనల్ ట్రస్టు వారి నిరామయ పథకంలో లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా వున్నది, థెరపీ ఖర్చు కూడా కొంత అందులో వస్తుంది. మండలాల్లో భవిత కేంద్రాలు పెట్టింది ఇట్లాంటి పిల్లల కోసమే. "మీ పిల్లవాడు మా బడికి పనికిరాడు" అని ఇప్పుడు ఏ పంతులూ చట్టప్రకారం అనటానికి వీలులేదు. 1986లో నేను అన్నది ఈ రోజు అంటే నేరమే.

మందు వున్నదా అని అడుగుతారు. ఆటిజాన్ని తీసివేసే మందు లేదు, ఇంజెక్షను లేదు. మూర్ఛ వుంటే, నిద్ర లేకపోతే, తనను తాను కొట్టుకుంటుంటే వాటికి డాక్టర్లు మందులిస్తారు. పూర్తిగా నయం చేస్తామని చెప్పి లక్షలు గుంజేవాళ్ళను నమ్మవద్దు. మూలకణాల చికిత్స పేరుతో పొలాలు అమ్మించినవాళ్ళున్నారు. దాన్ని ఆటిజానికి సిఫారసు చేయటం లేదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. దర్గాకు పోవద్దని, దువా చేయవద్దని నేను అనను. మొక్కు మొక్కుకోండి, కాని దాని కోసం డాక్టరును ఆపవద్దు. నమ్మకం మనసుకు బలం. పిల్లవాడికి మాట నేర్పే పని మనమే చేయాలి.

ఆ పని ఏమిటంటే, మాటల శిక్షణ, చేతిపనుల శిక్షణ, ప్రత్యేక విద్య. ఇక్కడ థెరపిస్టులు దొరకరు గదా అంటారు. ఒక మంచి సంగతి చెపుతాను. మన దేశంలో గోవాలో, పాకిస్తాన్‌లో రావల్పిండిలో కలిపి 65 మంది పిల్లలతో ఒక పరిశోధన చేసి 2016లో ఫలితాలు ప్రకటించినారు. పెద్ద నిపుణులు కాదు, శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తలే ఇంటింటికీ పోయి, పిల్లవాడితో ఎట్లా ఆడాలో తల్లిదండ్రులకు నేర్పినారు. తల్లిదండ్రులు పిల్లల తీరును కనిపెట్టి స్పందించటం మెరుగైంది, పిల్లలు కూడా తామే ముందుగా పలకరించటం ఎక్కువైంది. అది గోవాలో అయినప్పుడు ఇచ్చోడలో ఎందుకు కాదు?

మాకు నేర్పినది కూడా అదే. పిల్లవాడి ఎదురుగా నేల మీద కూర్చోవాలి. వాడు చక్రం తిప్పితే గుంజుకోవద్దు, పక్కన మనం కూడా తిప్పాలి. వాడు మన వైపు చూసిన ఆ క్షణంలో ఒక చిన్న మాట చెప్పాలి, "తిరిగింది" అని. పొడుగు మాటలు వద్దు. రెండు వస్తువులు చూపించి ఏది కావాలో చేయి పెట్టించాలి. పొద్దున లేచింది మొదలు పండుకునేదాకా చేసే పనులు బొమ్మలు గీసి గోడకు అంటించాలి. బొమ్మలు చూసి తర్వాత ఏం జరుగుతుందో తెలిస్తే వాడి గాబరా తగ్గుతుంది. మా ఇంటి గోడ మీద ఆ బొమ్మలు నేనే గీసినాను. కొట్టటం వల్ల ఏ మాటా రాలేదు. బొమ్మల వల్ల ఆరు నెలలకు "పానీ" తిరిగి వచ్చింది. ఇప్పుడు చిన్న చిన్న వాక్యాలు మాట్లాడుతాడు. పూర్తిగా అందరిలాగా అయినాడని చెప్పను. ఆ మూడేండ్లు కూడా చేతిలో వుంటే ఇంకెంత వచ్చేదో అనే బాధ మాత్రం పోలేదు.

ఒక భయంకరమైన సంగతి కూడా చెప్పక తప్పదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులో ఏర్వాడి అనే దర్గా వూళ్ళో, మతి సరిగా లేనివారిని వుంచే ఒక పాకకు తెల్లవారుజామున నిప్పంటుకున్నది. 28 మంది చనిపోయినారు. గొలుసులతో కట్టివేసి వుండటం వల్ల లేచి పరుగెత్తలేకపోయినారు. వాళ్ళను అక్కడ వదిలింది పరాయివాళ్ళు కాదు, నయమవుతుందనే ఆశతో అయినవాళ్ళే. మన దగ్గర గొలుసులు లేకపోవచ్చు. కాని పిల్లవాడు హైవే మీదికి పరుగెత్తుతాడని పాత చీరతో మంచం కోడుకు కట్టేసిన ఇంటిని నేను ఈ కండ్లతో చూసినాను. ఆ తల్లిని నేను తప్పు పట్టను. రోజంతా ఒక్కతే చూసుకోవాలి, అన్నం వండాలి, పత్తి ఏరటానికి కూడా పోవాలి. వాకిట లారీలు పోతుంటే ఏం చేస్తుంది? ఆ చీర ముడి ఆమె వేసింది కాదు, ఒక్కరం కూడా తోడుపోని మనమందరం వేసింది.

అందుకని సంఘానికి నా విన్నపాలు కొన్ని. ఇందాక చెప్పిన గుర్తులను తెలుగు, ఉర్దూ, మరాఠీ భాషల్లో ఒక కాగితం మీద అచ్చు వేసి మసీదు గోడకు, అంగన్‌వాడీలకు, ఆసుపత్రికి, కిరాణా దుకాణాలకు అంటించాలి. ఖర్చు చాలా తక్కువ. రెండు, స్కాలర్‌షిప్పుల నిధిలో నుంచి కొంత తీసి, ఆదిలాబాదుకు, హైదరాబాదుకు పోవలసిన ఇట్లాంటి పిల్లల దారి ఖర్చుకు ఇవ్వాలి. మతం చూడవద్దు. మూడు, నెలకు ఒకసారి ఈ పిల్లల తల్లులు కూర్చోవటానికి ఒక గది ఇవ్వాలి. ఒకరికి తెలిసింది ఇంకొకరికి చెప్పుకుంటారు, ఏమీ లేకపోయినా కడుపుబ్బరం తీరుతుంది. నాలుగు, మేము పోయినాక ఈ బిడ్డను ఎవరు చూస్తారని ప్రతి తల్లి రాత్రిపూట ఏడుస్తుంది. పద్దెనిమిదేండ్లు దాటినవారికి చట్టబద్ధమైన సంరక్షకుణ్ణి నియమించటానికి 1999 చట్టం కింద కలెక్టరుగారి అధ్యక్షతన జిల్లా కమిటీ వుంటుంది. ఆ దరఖాస్తు రాసిపెట్టటానికి ఒక చదువుకున్న కుర్రవాణ్ణి సంఘం ఏర్పాటు చేయాలి. నాకు చేతనైనంత కాలం నేను కూడా రాస్తాను.

మసీదు పెద్దలకు ఒక మాట. జుమా రోజు ఒక పిల్లవాడు వరుసల నడుమ అటూ ఇటూ తిరిగితే తండ్రిని కసురుకోవద్దు. ఆ కసురుకు భయపడి వాళ్ళు రావటమే మానేస్తున్నారు. కండ్లు లేని ఇబ్నె ఉమ్మె మక్తూమ్ గారు మదీనాలో అజాన్ చెప్పినారని మన చిన్నపిల్లలకు కూడా తెలుసు. లోపం వున్నవారికి వెనుక వరుస ఇవ్వటం మన పద్ధతి కాదు.

చివరి మాట. వచ్చే ఏడు ఈ సభకు ఆ పిల్లల్ని కూడా తీసుకరండి. మైకు చప్పుడు తగ్గిద్దాము. తలుపు దగ్గర చాప వేసి కొంచెం ఖాళీ వుంచుదాము. ఎవరైనా అరిస్తే అందరం వెనక్కి తిరిగి చూడకుండా వుందాము. మా మనవణ్ణి నేను ముందు వరుసలో కూర్చోబెడతాను. 1986లో బయటికి పంపిన పిల్లవాణ్ణి తిరిగి పిలవలేను గాని, ఇప్పుడున్నవాళ్ళను పిలవటానికి ఎవరి పర్మిషనూ అక్కరలేదు.